గీతల ఐజాక్

ఐజాక్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. తానున్న చోట ఫోనులో సిగ్నలు గీతలు నిండుగా కనబడకపోతే ఆయనకు కూర్చోబుద్ధి కాదు, అన్నం సయించదు, ఎదుటివాళ్ళు చెప్పే మాట చెవికెక్కదు. అరవై నాలుగేళ్ళ మనిషికి బీపీ లేదు, షుగరు లేదు. అవి వచ్చే ఉంటాయి గానీ ఈయన ఒకచోట నిలబడితే కదా పట్టుకునేది అంటుంది ఆయన భార్య రూతమ్మ.

ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోను శాఖలో లైన్‌మన్‌గా పనిచేశాడు. ఉరవకొండ నుంచి కణేకల్ దాకా ఆయన ఎక్కని స్తంభం లేదు. రిటైరయ్యేనాటికి స్తంభాలు పోయాయి, తీగలు పోయాయి, ఆయన అలవాటు మాత్రం మిగిలింది. ఇంటికి చుట్టం వస్తే మంచినీళ్ళివ్వడం రూతమ్మ వంతు. ఐజాక్ అడిగే మొదటి మాట, "నీ ఫోన్లో ఎన్ని గీతలుండాయప్పా?" రెండు అన్నాడంటే ఆ చుట్టం పని అయిపోయినట్టే. అతన్ని కుర్చీతో సహా లేపి కిటికీ దగ్గరకు, కిటికీ దగ్గర్నుంచి గుమ్మంలోకి జరుపుకుంటూ పోతాడు. ఒకసారి రూతమ్మ తమ్ముడు కాఫీకి వచ్చి, మొదటి గుక్క హాల్లో, రెండోది వసారాలో, చివరిది వీధిలో తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, అటునుంచి అటే బస్సెక్కి పోయాడు. అప్పటికే ఊళ్ళో ఆయనకు గీతల ఐజాక్ అని పేరు పడిపోయింది.

వజ్రకరూరు పక్కన ఊరు వాళ్ళది. ముందు రెండు గదులు ఐజాక్ ఉద్యోగంలో ఉండగా ఇటుకలతో కట్టించినవి. వెనక వంటిల్లు మాత్రం తాతల నాటిది. మూరెడు మందం రాతిగోడలు, మట్టి మిద్దె, ఆ మిద్దెలో వెలుతురు కోసం వదిలిన కంత. దాన్ని గవాచి అంటారు. ఎండాకాలంలో ఊరంతా ఉడికిపోతున్నా ఆ వంటింట్లో చల్లగా ఉంటుంది. ఎండే దూరని గోడలోకి సిగ్నలేం దూరుతుంది? రెండేళ్ళ కిందట కొడుకు విజయభాస్కర్, వారానికి రెండు రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకోవడానికని వైఫై పెట్టించాడు. బిగించిన మనిషి బండెక్కాడో లేదో, ఐజాక్ ఫోను అరచేతిలో పెట్టుకొని ఇల్లంతా తిరిగాడు. డబ్బా ఉన్న హాల్లో నాలుగు గీతలు. నడిమి గదిలో మూడు. వంటింట్లో సున్న.

పొయ్యికి సిగ్నలెందుకని రూతమ్మ ఆ రోజే తేల్చి చెప్పింది. ఐజాక్ కూడా సరేనన్నాడు. రెండేళ్ళు వంటింటి జోలికి రాలేదు. మిగతా ఇంటి జోలికి మాత్రం రోజూ వచ్చాడు. నడిమి గదిలో ఆ నాలుగో గీత కోసం డబ్బాను టీవీ పక్కనుంచి టీవీ మీదికి, అక్కడి నుంచి అటక మీదికి, అటక మీది నుంచి ఫ్యాను కొక్కేనికి మార్చాడు. ఫ్యాను లేకుండా వారం రోజులు చెమటతో గడిపాక కొడుకు డబ్బాను కిందికి దించాడు.

ఒకనాడు ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. సంఘం వాళ్ళంతా కళ్ళు మూసుకొని ఉన్నారు. పాస్టరుగారు నిండైన మనిషి, గొంతూ నిండైనదే. రోగుల కోసం, వానల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థన సాగిపోతోంది. ఐజాక్ బైబిలులో పెట్టుకున్న ఫోను వైపు ఒక కన్ను తెరిచి చూశాడు. నాలుగు గీతలు మూడయ్యాయి. కారణం వెతికితే పాస్టరుగారు సరిగ్గా డబ్బాకు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఐజాక్ మెల్లగా పోయి ఆయన చెవిలో, "అయ్యగారూ, ఒక్కడుగు ఇట్ల జరగండి" అన్నాడు. దైవ సన్నిధిలో ఎవరు జరగమన్నా జరగాల్సిందే అనుకున్నారో ఏమో, పాస్టరుగారు కళ్ళు తెరవకుండానే జరిగారు. గీత తిరిగొచ్చింది. ఐజాక్ తృప్తిగా ఆమెన్ అన్నాడు. అయిపోయిందనుకొని సంఘమంతా ఆమెన్ అని లేచి నిలబడింది. పాస్టరుగారి ప్రార్థన ఇంకా ఎండిన బోర్ల దగ్గరే ఉంది.

అంతకన్నా పెద్ద తంటా పోయినేడు తొలకరికి వచ్చింది. నాలుగు చినుకులు పడితే చాలు, వజ్రాలు దొరుకుతాయని ఎక్కడెక్కడి జనమో ఆ చుట్టుపక్కల చేలల్లో తల వంచుకొని తిరుగుతారు. అలా చినుకులు పడిన రోజే ఐజాక్ పెరట్లో సిగ్నలు ఎంతదాకా వస్తుందో చూద్దామని ఫోను పట్టుకొని, తల వంచుకొని, అడుగులో అడుగు వేస్తున్నాడు. దారిన పోయే ఇద్దరు ఆగి చూశారు. ఈయన ఒకచోట ఆగి, వంగి, "ఈడుండాది, ఈడుండాది" అన్నాడు. గంట తిరగకముందే పెరట్లో పదకొండు మంది. సిగ్నలు కోసం వెతుకుతున్నానని ఐజాక్ నిజం చెబితే, దాచిపెట్టడానికే ఆ మాట అంటున్నాడని వాళ్ళు ఇంకా లోతుగా కెలికారు. రూతమ్మ చీపురు తీసుకొని బయటకు వచ్చేసరికి వంకాయ మొక్కలు ఒక్కటీ మిగల్లేదు.

ఇలాంటివన్నీ రూతమ్మ ఓర్చుకుంది. ఈ ఏడు ఈస్టరు పండగ అయిన వారానికి ఆయన వంటింటి మీద పడ్డాడు. అది మాత్రం ఆమెకు అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం మిద్దె మీదికి సిగ్నలు చూడ్డానికని పోయి, చప్పుడు లేకుండా దిగొచ్చి, నేరుగా వంటింట్లో నిలబడి గోడలను చేత్తో తట్టి చూశాడు. మరునాడు తనతో పాటు స్తంభాలు పాతిన పాత స్నేహితుడు కుళ్ళాయప్పను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కలిసి నడిమి గదిలో ఉన్న ఇనుప బీరువాను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపారు. దాని తలుపుకున్న అద్దం సిగ్నలును వెనక్కు కొడుతుందని ఐజాక్ బీరువా ముఖం గోడకు తిప్పి పెట్టాడు. రూతమ్మ వారం రోజులు బక్కెట్లో నీళ్ళు చూసుకొని తల దువ్వుకుంది. రాగి హండా, ఇత్తడి బిందెలు వంటింటి గడప దాటి వసారాలో కూర్చున్నాయి.

వంటింట్లో నీకేం పని అని ఆమె అడగని రోజు లేదు. ఆయన చెప్పిన కారణాలకు లెక్కా లేదు. ఒకరోజు గ్యాసు బుక్ చేసుకోవడానికన్నాడు. ఒకరోజు వాన కబురు చూసుకోవడానికన్నాడు. ఇంకోరోజు సంగటి ఎట్ల కెలకాలో వీడియోలు వస్తాయి, చూసి నేర్చుకోవచ్చన్నాడు. నలభై ఏళ్ళుగా సంగటి కెలుకుతున్న చెయ్యి ఆమెది. తెడ్డు అలాగే పట్టుకొని ఆయన వైపు తిరిగింది. ఆ కారణం ఆయన మళ్ళీ చెప్పలేదు.

కోడలు కృపాకుమారి ఇవన్నీ చూస్తూ ఊరుకునేది. ఆ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది, ఇప్పుడు కడుపుతో ఐదో నెల. మెత్తని పిల్ల, మాట తక్కువ. మధ్యాహ్నం వంటపని కాగానే, ఆరబోసిన చెనక్కాయలు చూసొస్తానని మిద్దెక్కేది. అరగంటకు ముఖం ఎర్రగా కంది దిగేది. ఇంత ఎండలో ఎందుకని రూతమ్మ ఒకటి రెండుసార్లు అంది. గాలి బాగుంటుంది అత్తా అని కృప నవ్వి ఊరుకుంది.

మే నెలలో అసలు గొడవ వచ్చింది. ఊరికి కొళాయి నీళ్ళు ఐదు రోజులకు ఒకసారి. వచ్చిన రోజు రెండు నీలం డ్రమ్ముల నిండా పట్టుకొని, చెంబు చెంబూ చూసి వాడుకోవాలి. ఆ డ్రమ్ములు నడిమి గదిలో, వంటింటి గోడకు ఆనించి ఉంటాయి. నీళ్ళకు సిగ్నలును తాగేసే గుణం ఉందని ఐజాక్ ఎక్కడో వీడియోలో విన్నాడు. సిగ్నలుకు అడ్డంగా రెండు డ్రమ్ముల నీళ్ళు. జరుపుదామంటే నిండు డ్రమ్ము ఒక్కడి వల్ల కాదు. రూతమ్మ ఆ పూట చర్చిలో స్త్రీల కూడికకు పోయింది. ఐజాక్ గొట్టం వేసి రెండు డ్రమ్ములూ ఖాళీ చేశాడు. వృథా చేయలేదు, అది మాత్రం ఆయన గట్టిగా చెబుతాడు. పక్కింటి బయమ్మ మేకల తొట్టిలోకి వదిలాడు. ఆ మేకలు ఆ రోజు తాగినన్ని నీళ్ళు ఆ ఏడాదిలో ఏ రోజూ తాగలేదు.

రూతమ్మ గడపలో అడుగు పెట్టేసరికి డ్రమ్ములు రెండూ పెరట్లో బోర్లా పడున్నాయి. "రూతూ, వంటింట్లో ఒక గీత వచ్చినాది" అన్నాడు ఐజాక్.

రూతమ్మ తిడుతున్నంత సేపూ ఆ ఇంట్లో ఎవరికీ భయం లేదు. ఆ రోజు ఆమె తిట్టలేదు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కోబోయి, నీళ్ళు లేవని గుర్తొచ్చి, ఆ కాళ్ళతోనే వచ్చి చాప మీద కూర్చుంది. భర్త రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆమె కోడలితో మాట్లాడింది.

"కృపా, మళ్ళా నీళ్ళొచ్చే రోజుకు ఆ డబ్బా ఈ ఇంట్లో ఉండకూడదని మీ మామకు చెప్పు. ఉంటే నేనుండను. మా తమ్ముడింటికి పోతా. ఆడ ఒక్క గీత కూడా లేదు, నెమ్మదిగా ఉంటా."

కృప ముఖం పాలిపోయింది. ఇంట్లో గొడవకు భయపడింది కాబోలు అనుకుంది రూతమ్మ.

ఆ తర్వాత మూడు రోజులు ఐజాక్ సైకిలుకు రెండు బిందెలు కట్టి బడి దగ్గరి బోరు నుంచి నీళ్ళు మోశాడు. పొద్దున నాలుగు మార్లు, సాయంత్రం నాలుగు మార్లు. రూతమ్మ ఆ నీళ్ళు వాడుకుంది గానీ ఆయనతో మాట్లాడలేదు. ఉప్పు తక్కువైందని ఆయన అంటే, ఎక్కడుందో చూసుకోమని కృపతో చెప్పించింది. డబ్బా హాల్లోనే ఉంది. పెట్టె సర్దుకోవాలా వద్దా అని రూతమ్మకే తోచడం లేదు. సర్దుకుంటే పోవాలి, సర్దుకోకపోతే మాట పోతుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం వసారాలో బియ్యం ఏరుకుంటుంటే తల మీద మట్టి రాలింది. పైకి చూస్తే ఐజాక్ మిద్దె మీద, నడుముకు తువ్వాలు బిగించి, భుజాన తీగచుట్టతో ఉన్నాడు. కుళ్ళాయప్ప కింద నుంచి తీగ అందిస్తున్నాడు. గోడలో నుంచి ఆ ఒక్క గీతకు మించి రాదని తేలిపోయింది కాబట్టి, హాల్లో డబ్బా నుంచి మిద్దె మీదుగా తీగ లాగి, గవాచిలో నుంచి వంటింట్లోకి దించి, అక్కడ ఇంకో డబ్బా పెడుతున్నారు. ఒక డబ్బా పోవాలంటే రెండో డబ్బా తెచ్చాడు. రూతమ్మకు ఇంక సర్దుకోవాలా వద్దా అన్న సందేహం లేకపోయింది. అన్నిటికన్నా ముందు ఆ తీగ పీకేసి పోదామని లేచింది.

వంటింటి తలుపు దగ్గరకేసి ఉంది. లోపల మాట వినపడలేదు. తలుపు తోస్తే, మిక్సీ ప్లగ్గులో కొత్త డబ్బా పచ్చదీపంతో వెలుగుతోంది. దాని కింద పీట మీద కృప కూర్చొని ఉంది. ఎదురుగా ఉప్పు జాడీకి ఆనించిన ఫోను. కృప రెండు చేతులూ గాలిలో కదులుతున్నాయి. ఫోనులో ఇంకో రెండు చేతులు అంతకన్నా వేగంగా కదులుతున్నాయి. కృప శబ్దం లేకుండా నవ్వుతోంది, భుజాలు ఊగిపోతున్నాయి. ఆ పిల్ల అంతగా నవ్వడం రూతమ్మ ఈ ఎనిమిది నెలల్లో చూడలేదు.

ఫోనులో ఉన్నది కృప తల్లి అరుణజ్యోతి. కణేకల్ దగ్గర కాలువ కింద వరిమళ్ళలో కూలికి పోతుంది. పుట్టినప్పటి నుంచీ ఆమెకు వినపడదు, మాట రాదు. పెళ్ళిలో రూతమ్మ ఆమెను చూసింది, చేతులు పట్టుకుంది, చీర పెట్టింది. ఆ తర్వాత వియ్యపురాలి సంగతి తలచుకున్నది తక్కువ. మాట రాని మనిషికి ఫోను ఎందుకు ఉంటుంది అనుకుంది. అసలు అలా అనుకున్నట్టు కూడా ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు.

కృప అత్తను చూసి గబుక్కున లేవబోయింది. ఫోనులో అరుణజ్యోతి రూతమ్మను చూసి ఏదో అడిగింది. మోకాలు తట్టి, ముఖం చిట్లించి, వేళ్ళు తిప్పింది.

"ఏమంటాంది?" అంది రూతమ్మ.

"నీ మోకాలి నొప్పి ఎట్లుండాది అని అడుగుతాంది అత్తా. పోయిన నెల చెప్పినా కదా అమ్మకు, అప్పట్నుంచి రోజూ అడుగుతాది."

రోజూ అన్న మాట రూతమ్మకు తగిలింది. ఎక్కడి నుంచి రోజూ అని అడగబోయి, మధ్యాహ్నపు ఎండ, పక్కగోడ లేని మిద్దె మెట్లు, చెనక్కాయలు అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకు వచ్చాయి. పర్వాలేదని తల ఊపింది. తల ఊపితే సరిపోతుందో లేదో తెలియక మోకాలు కూడా తట్టి చూపించింది. అక్కడ నిలబడలేక పెరట్లోకి పోయింది.

ఐజాక్ అప్పటికే మిద్దె దిగొచ్చి డ్రమ్ములోకి బిందె వంచుతున్నాడు. రూతమ్మ నాలుగు రోజుల తర్వాత భర్తతో నేరుగా మాట్లాడింది. ఎప్పటి నుంచి తెలుసు నీకు అని అడిగింది.

"ఈస్టరు అయినాక." ఐజాక్ బిందె దించలేదు. "సిగ్నలు చూద్దామని మిద్దె మీదికి పోయినా. మన కృప ఆ వట్టి ట్యాంకు పక్కన గొంతుక్కూర్చొని, ఫోను పైపుకు ఆనించుకొని, చేతుల్తో మాట్లాడతాంది. అంతలో బొమ్మ నిలిచిపాయ. వాళ్ళమ్మ చెయ్యి గాల్లో అట్లే నిలబడిపాయ. మనకైతే బొమ్మ నిలిచినా మాట వినపడుతుంది రూతూ. వాళ్ళకు చెయ్యి నిలిస్తే మాట నిలిచినట్లే. పాప ఆ చెయ్యి దిక్కే చూస్తా కూర్చోనుండాది. బండకు కాళ్ళు కాలుతాంటే ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టుకుంటా."

నాకెందుకు చెప్పలేదంది రూతమ్మ. 

"చెప్తే నువ్వు మెట్లెక్కొద్దంటావు. ఐదో నెల, అననీకి హక్కుండాది నీకు. ఆ పాప సరే అత్తా అని మానుకుంటాది. హాల్లో అందరి ముందర చేతులాడించనీకి సిగ్గు, నోరు తెరిచి అడిగే పిల్ల కాదు. ముందు చల్లగా ఉండే చోట లైను పడనీ, ఆమీట చెప్దామనుకున్నా. నా కోసమే అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. నన్ను పిచ్చోడంటారు. అది రోజూ అనేదే కదా."

"నీళ్ళు పారబోసిన రోజన్నా చెప్పొచ్చు కదప్పా."

"నువ్వు మాట్లాడలే కదా నాతో."

రూతమ్మ ఆయన చేతిలో నుంచి బిందె లాక్కొని డ్రమ్ములో పోసింది. నవ్వు వస్తోంది, ఆ నవ్వు ఆయనకు కనబడకూడదని మళ్ళీ వంగి ఖాళీ బిందెనే ఇంకోసారి వంచింది. రేపటి నుంచి పాపను మెట్లెక్కనిచ్చేది లేదని మాత్రం గట్టిగా చెప్పింది. ఎక్కే పని లేదులే అన్నాడు ఐజాక్.

మరునాడు మధ్యాహ్నం వంటింట్లో మూడు పీటలు వేశారు. వియ్యంకుడిని చూడాలని అరుణజ్యోతి పిలిపించింది. ఐజాక్ ఉతికిన చొక్కా వేసుకొని వచ్చి కూర్చున్నాడు. నిన్న మిద్దె మీద గవాచిలో నుంచి చూసి తానూ కొంచెం నేర్చుకున్నానని, మధ్యలో ఎవరూ చెప్పాల్సిన పని లేదని అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఎందుకు సవరించుకున్నాడో ఆయనకే తెలియాలి. ఆ తర్వాత కృప వైపు చూపించి, గుండె మీద చెయ్యి వేసుకొని, రెండు పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి రెండుసార్లు తాటించి, వినయంగా తల వంచాడు.

అరుణజ్యోతి మొదట కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫోను పక్కకు ఒరిగిపోయి కాసేపు వాళ్ళింటి దూలాలు కనబడ్డాయి. కృప మోకాళ్ళలో తల దాచుకుంది.

"నేనేం చెప్పినా ఇప్పుడు?" అన్నాడు ఐజాక్. కోడలు మమ్మల్ని బాగా చూసుకుంటాంది అని తాను చెప్పినట్టే ఆయన లెక్క.

కృప ఎంత అడిగినా చెప్పలేదు. రూతమ్మ గడ్డం పట్టుకొని అడిగితే చెప్పింది. "'నీ కూతురు నన్ను రోజూ బాగా కొడతాంది, నాకు సంతోషంగా ఉండాది' అన్నాడు మామ."

అరుణజ్యోతి మళ్ళీ కనబడింది. కళ్ళు తుడుచుకొని, కూతురి వైపు వేలు చూపించి, ముఖం గంభీరంగా పెట్టి ఏదో కోప్పడింది. చివర్లో ఆ వేలు రూతమ్మ వైపు తిరిగింది.

"నన్నేమంటాంది?" అని రూతమ్మ కంగారుపడింది.

"నిన్ను కాదత్తా, నన్ను తిడతాంది. ఆ పని మీ అత్తది కదా, నువ్వెందుకు చేస్తాండావు అంటాంది."

రూతమ్మ నవ్వీ నవ్వీ పొయ్యి గట్టును పట్టుకోవాల్సి వచ్చింది. ఐజాక్ ముగ్గురు ఆడవాళ్ళ ముఖాలూ మార్చి మార్చి చూశాడు, తన గురించే నవ్వుతున్నారని తెలుసుకొని, తనూ నవ్వాడు.

ఊపిరి తిరిగాక రూతమ్మ పీట ముందుకు జరుపుకుంది. "ఇంకమీద ఆ పని నేనే చూసుకుంటా" అని చేతులతో ఎట్లా చెప్పాలో కోడలిని అడిగి, రెండుసార్లు తప్పు చేసి, మూడోసారికి వియ్యపురాలికి తప్పులేకుండా చెప్పింది. ఆ భాషలో ఆమె నేర్చుకున్న మొదటి మాట అదే.